మణిరేవు పడవవాడు

వరాహమూర్తి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. "కూర్చోండి, ఆడదాం" అంటారు. విశాఖపట్నం మహారాణిపేటలో, ఆయన మేడమీది గదిలో ప్రతి ఆదివారం జరిగే ఆట అలాంటిది. బల్ల చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుంటారు. మాస్టారు ఒక కల్పిత లోకాన్ని కళ్ళకు కట్టేలా చెబుతుంటే, తక్కినవాళ్ళు తలా ఒక పాత్రై అందులో తిరుగుతారు. గెలుపో ఓటమో, బతుకో చావో పాచికలు తేలుస్తాయి. ఆ లోకం మాస్టారు అల్లింది కాదు. ఎక్కడో ఒక కంపెనీ పుస్తకాలుగా అచ్చువేసి అమ్మేది. ఎదిగినవాళ్ళకి ఇదేం పిచ్చి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. పేకాట కంటే నయమే.

ఆ బల్ల దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఆట మానేస్తే వాళ్ళ పాత్రని చంపరు. ఆ లోకంలోనే ఏదో ఒక కొలువు ఇచ్చి ఉంచుతారు, ఆపైన వాళ్ళ తరఫున మాస్టారే మాట్లాడతారు. మృణాళిని, ఆమె తమ్ముడు తారకేశ్ ఇద్దరూ అక్కడ ఆడేవాళ్ళే. తారకేశ్ డెంగీ జ్వరంతో పోయినప్పుడు కూడా అలాగే చేశారు. వాడి పాత్రని మణిరేవు అనే పట్నంలో, వెండేరు అనే ఏటి మీద పడవ నడిపేవాణ్ణి చేశారు. అప్పట్నుంచి ఏరు దాటినప్పుడల్లా ఆ పడవవాడు అక్కని ఏదో ఒకటి అని ఏడిపించేవాడు. ఆ వేళ ఆమె కత్తి జారవిడిస్తే కత్తి మీద, సంతలో మోసపోతే సంత మీద, అచ్చం తారకేశ్ అన్నట్టే అనేవాడు. ఇంట్లో వాడి పేరెత్తితే అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. మృణాళినికి తమ్ముడంటూ మిగిలింది ఆ పడవలోనే.

అలాంటిది, గోరుచుట్టు మీద రోకటిపోటులా కంపెనీవాళ్ళ కొత్త పుస్తకం వచ్చింది. అందులో వందేళ్ళు గడిచిపోయాయి. వెండేరు ఎండిపోయింది. మణిరేవు ఇసుకదిబ్బ అయింది. అభిమానులు ఊరుకుంటారా? ఇంటర్నెట్ నిండా తిట్లే. ఒకడు పుస్తకాన్ని తగలబెట్టి వీడియో పెట్టాడు. రాసినవాళ్ళ ఇంటిల్లిపాదికీ శాపనార్థాలు పెట్టారు. కొత్తది బాగుందన్న పాపానికి ఇంకొందరు తిట్లు తిన్నారు. మేడమీది గది కూడా రెండుగా చీలింది. కొత్త లోకం ఆడదామన్నవాళ్ళు వేరే చోటు చూసుకుని వెళ్ళిపోయారు. మృణాళిని, బ్యాంకులో పనిచేసే నాయుడు, ఇంకో ఇద్దరు పాతదాన్నే పట్టుకుని వేళ్ళాడారు.

"మాస్టారూ, మనం ఇన్నేళ్ళు బతికిన లోకాన్ని మార్చే హక్కు వాళ్ళకెవరిచ్చారు?" అని అడిగింది మృణాళిని.

"అయితే ఎవరూ ఏదీ మార్చకుండా ఆడి చూద్దాం. మీరు ఎలా ఉంచమంటే అలా ఉంచుతాను" అన్నారు మాస్టారు.

ఆదివారం ఆట మొదలైంది. మణిరేవులో వాన పడుతోందన్నారు మాస్టారు. ఆ ఋతువులో అక్కడ వాన ఉండదని పాత పుస్తకంలో ఉందన్నాడు నాయుడు. మాస్టారు వాన ఆపేశారు. కోట ద్వారం దగ్గరికి ఎవరో కొత్త వర్తకుడు వచ్చాడన్నారు. వాడెవడు, మునుపు లేడే, అన్నారు వీళ్ళు. వాణ్ణీ పంపేశారు. ముసలి రాజుకి దగ్గు వచ్చిందనేసరికి అందరి మొహాలూ మాడిపోయాయి. రాజు పోతే ఇక కంపెనీ రాసినట్టే అవుతుందని వాళ్ళ భయం. రాజుకి దగ్గు కూడా తగ్గింది. చివరికి నాయుడే అన్నాడు, అసలు చిక్కంతా పాచికలతోనే, అవి పడ్డాయంటే ఏదో ఒకటి తగలబడుతుంది, ఎవరో ఒకరు పోతారు, కాబట్టి మణిరేవులో పాచికలు వేయకూడదని. అందరూ సరేనన్నారు. మృణాళిని తన చేత్తోనే పాచికలన్నీ ఏరి డబ్బాలో వేసి మూత పెట్టింది. అప్పటికి గాని ఆమె ప్రాణం కుదుటపడలేదు.

తరవాత ఆటలో ఏటి ఒడ్డుకి వెళ్ళింది. పడవవాడు ఆమెని చూసి లేచి నిలబడ్డాడన్నారు మాస్టారు. వెండేరు దాటాలంటే పాచిక వేయాలి, అది ఆట నియమం. తక్కువ పడితే పడవ మునగొచ్చు, పడవవాడూ పోవచ్చు. ఇన్నేళ్ళూ లెక్కచేయకుండా వేసిన పాచికే. ఇప్పుడు ఆమె చెయ్యి డబ్బా మీదికి వెళ్ళలేదు. ఒకసారి కాటికి పంపిన తమ్ముణ్ణి మళ్ళీ తన చేత్తో నీళ్ళపాలు చేయడం ఆమె వల్ల కాలేదు.

"ఇవాళ వద్దులే, ఇంకోసారి దాటుదాం" అంది. పడవవాడు తిరిగి కూర్చున్నాడు.

మరుసటి ఆదివారమూ అంతే, ఆపై ఆదివారమూ అంతే. సంతలో అవే కూరలు, కోటలో అదే రాజు. బ్యాంకులో పనుందని నాయుడు రావడం మానేశాడు. ఆదివారం బ్యాంకేమిటని ఎవరూ అడగలేదు. మిగిలిన ఇద్దరూ ఆ మాటైనా చెప్పకుండా మానేశారు. కొత్త లోకానికి వెళ్ళినవాళ్ళు మాత్రం ఏం బావుకున్నారు? ఎండిన ఏట్లో నడుస్తూ, ఇక్కడ చేపల బజారుండేది, ఇక్కడ రేవు మెట్లుండేవి అని ఒకరికొకరు చూపించుకున్నారు. కొన్నాళ్ళకి వాళ్ళూ ఆట కట్టిపెట్టారట.

శ్రావణమాసంలో ఒక ఆదివారం మృణాళిని ఒక్కతే వచ్చింది. మాస్టారు టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

"ఏటి ఒడ్డున ఉన్నావు. పడవవాడు కూర్చుని ఉన్నాడు" అన్నారు.

"వాడు క్షేమంగానే ఉన్నాడుగా మాస్టారూ?"

"క్షేమంగానే ఉన్నాడు."

ఆమె ఉత్త బల్లకేసి చూసింది. తమ్ముడి మాట విని ఎన్నాళ్ళయిందో అప్పుడు తట్టింది. పాచికలు దాచిన రోజు నుంచీ వాడు ఒక్కసారైనా ఆమెని ఏడిపించలేదు. దుఃఖం ఆగలేదు.

"దాటనక్కర్లేదు మాస్టారూ. వాడి చేత ఒక్క మాట అనిపించండి. ఎప్పట్లా నన్ను ఏదో ఒకటి అనమనండి, చాలు" అంది.

మాస్టారు నోరు తెరిచారు. వాడి గొంతు కోసం ఆయనా వెతుక్కున్నారు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఏం జరిగిందని అనమంటావమ్మా?" అన్నారు.