పక్కదుప్పట్ల పరీక్ష

నూలుపాడులో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని చౌడప్ప నమ్మకం. తమ్ముడు గవరయ్య నమ్మకమూ అదే. చౌడప్ప పెళ్ళాం సూరమ్మకైతే ఆ తెలివిలో ముప్పాతిక వంతు తనదేనని గట్టి నమ్మకం. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నాకే మగ్గం ఎక్కేవాళ్ళు.

వాళ్ళు 'చక్కని పక్క' అని పేరు పెట్టి దుప్పట్లు నేసేవాళ్ళు. నేత మాత్రం బంగారం. కానీ కొనేవాళ్ళు తగ్గి, ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి ఆగిపోయింది. అలాంటి రోజుల్లో పట్నంలోని ఒక దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ సరుకు నేలకీ నీళ్ళకీ చెరుపు చేయనిదో కాదో చూడ్డానికి బేస్తవారం ఇందుమతి గారు వస్తారు. దుప్పటి పదేళ్ళు నిలబడాలి. రంగు దిగకూడదు. నచ్చితే ఉన్నవన్నీ తీసుకుంటాం.'

"పదేళ్ళు నిలబడాలా? మన దుప్పటి ఒక్క నిమిషం కూడా నిలబడదే!" అన్నాడు చౌడప్ప గాభరాగా.

"గంజి పెడితే నిలబడదూ?" అంది సూరమ్మ.

ఇంకేముంది, ఇంట్లో ఉన్న బియ్యమంతా గంజి అయిపోయింది. ముప్పై దుప్పట్లు తలుపు చెక్కల్లా వాకిట్లో నిలబడ్డాయి.

"మరి రంగు దిగకూడదన్నారుగా?" అన్నాడు గవరయ్య.

"నిచ్చెన లేకపోతే ఎలా దిగుతుందిరా?" అన్నాడు చౌడప్ప.

అంతే. చూపించడానికి ఒక్కటి వాకిట్లో ఉంచి, మిగతావి డాబా మీదికి ఎక్కించారు. చౌడప్ప నిచ్చెన తీసేశాడు. గవరయ్య ఇంకా పైనే ఉన్నాడు.

"అన్నయ్యా, నేనో?"

"నువ్వు దిగితే నీ చొక్కా రంగు కూడా దిగుతుంది. అక్కడే ఉండు."

ఇందుమతి వచ్చేసరికి వాకిట్లో దుప్పటిని ఆవు సగం నమిలేసింది. ఆవిడ కంగారుగా అరిచింది. "అయ్యయ్యో! ఆ రంగు తింటే ఆవుకేమైనా అవుతుందేమో!"

"ఏమవుతుందమ్మా, మోదుగపూల రంగేగా! ఆరేసినవి రోజూ నములుతూనే ఉంటుంది. దానికి పసుపుపచ్చదే ఇష్టం" అంది సూరమ్మ.

'విషం లేదు' అని పుస్తకంలో రాసుకుంది ఇందుమతి. "మిగతావి దింపండి, చూస్తాను."

"దింపితే రంగు దిగిపోతుందమ్మా!" అని పైనుంచి గోల పెట్టాడు గవరయ్య.

ఆవిడ డాబా గోడ దగ్గరికి వెళ్ళింది. తర్వాత కొంగు చాపింది. "దిగితే నేను పట్టుకుంటాలే, వెయ్యి."

ఇరవై తొమ్మిదీ కిందికి వచ్చాయి. నిచ్చెన మళ్ళీ వేయగానే గవరయ్యా దిగాడు. ఆవిడ తడిగుడ్డతో రుద్ది చూసింది. రంగు ఇసుమంత కూడా అంటలేదు. ఆవిడ మొహం విప్పారింది.

"ఇక మీ ఇంట్లో రంగూ నేతా ఎలా చేస్తారో ఏదీ దాచకుండా చెప్పండి."

సూరమ్మ తల దించుకుంది. "అటక మీద బెల్లం దాచానమ్మా."

"అది నేను నిన్ననే తినేశాను వదినా" అన్నాడు గవరయ్య.

"సగమేరా నువ్వు తిన్నది" అన్నాడు చౌడప్ప.

ఇందుమతి పుస్తకం మూసి మళ్ళీ తెరిచింది. "సరే, పాతబడ్డాక మట్టిలో కలిసిపోతాయా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా రంగు కాచే చోటు చూడ్డానికి పెరట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి వాకిట్లో మూడు గోతులు. చౌడప్ప చేతిలో పార. సూరమ్మ దుప్పటి మడత పెట్టి గోతిలోకి దించుతోంది.

"ఏం చేస్తున్నారు?"

"పాతబడాలన్నారు కదమ్మా, పాతేస్తున్నాం!"

ఆవిడ పరుగున వచ్చి దుప్పటి లాక్కుంది. మన్ను దులిపింది. చాలాసేపు దాన్ని వేళ్ళతో నిమిరింది. చివరికి నవ్వింది.

"మీ నేతలో వంక పెట్టడానికి ఏం లేదు. ఇవన్నీ తీసుకుంటాం, ఆదివారం బండి వస్తుంది. కానీ మా దుకాణానికి ఇవి చాలవు. మీరింకా చిన్నగా ఉన్నారు. కాస్త ఎదగండి."

ఆవిడ వెళ్ళగానే సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆగిన మగ్గం మళ్ళీ ఆడబోతోంది మరి. చౌడప్ప మాత్రం ఆలోచనలో పడ్డాడు.

"ఎదగమంది. ఊరికే ఎదుగుతామా?"

"గోతులు ఎలాగూ ఉన్నాయిగా" అంది సూరమ్మ.

ఆదివారం బండివాడు వచ్చాడు. వాకిట్లో ముగ్గురు మనుషులు, మోకాళ్ళ దాకా పెంటమన్నులో వరసగా నిలబడి, చెంబులతో కాళ్ళ దగ్గర నీళ్ళు పోసుకుంటున్నారు.

"దుప్పట్లు ఎక్కించండయ్యా!"

"నువ్వే ఎక్కించుకో బాబూ. ఇప్పుడు కదిలితే మా వేళ్ళు తెగుతాయి" అన్నాడు చౌడప్ప.

బండివాడు అన్నీ ఎక్కించుకుని, వెనక్కి చూడకుండా బండి తీశాడు. సూరమ్మ చెంబు ఊపుతూ కేకేసింది.

"అమ్మగారితో చెప్పు బాబూ! తొలికాపు ఆవిడకే పంపిస్తాం!"