పెసరగింజంత ముడి

విజయనగరంలో సత్యవేణి అనే టెన్నిస్ క్రీడాకారిణి ఉండేది. చూపు లేదన్న దిగులు ఆమెకు ఏనాడూ లేదు గాని, ఎవరి చేతిలోనైనా ఓడిపోతానేమోనన్న భయం మాత్రం క్షణం వదిలేది కాదు.

చూపు లేనివాళ్లు టెన్నిస్ ఎలా ఆడతారని మీరు అడుగుతారు. అడగవలసిన మాటే. బంతిని మెత్తటి స్పాంజితో చేస్తారు. దాని కడుపులో పూసలుంటాయి. నేలను తాకిన ప్రతిసారీ అవి గలగలమంటాయి. ఆ చప్పుడును బట్టి రాకెట్ ఊపాలి. బంతి మూడుసార్లు ఎగిరేలోపు కొడితే చాలు. కొంచెం వెలుగు తెలిసేవాళ్లకూ ఏమీ తెలియనివాళ్లకూ తేడా రాకుండా అందరూ కళ్లకు గంతలు కట్టుకుంటారు. సర్వీసు చేసేవాళ్లు ముందు "రెడీ?" అని అడగాలి. అవతలివాళ్లు "యస్" అనాలి. అప్పుడు "ప్లే" అని కొట్టాలి. చూడవచ్చినవాళ్లు పాయింటు పూర్తయ్యేదాకా దగ్గకూడదు కూడా.

ఇక గీతల సంగతి. రంగు గీతలు వాళ్లకు పనికిరావు. నేల మీద సన్నటి తాడు పరిచి, పైన టేపు అంటిస్తారు. ఆ ఉబ్బును పాదంతో తడిమి తాము ఎక్కడున్నదీ తెలుసుకుంటారు. వెనక గీతకు నట్టనడుమ అడ్డంగా ఒక చిన్న తాడు ముక్క ఉంటుంది. అది నడిమి గుర్తు. దాని నుంచి ఎన్ని అడుగులు పక్కకు వెళ్లిందీ మనసులో లెక్కపెట్టుకుంటూ ఆడాలి. ఈ లెక్కే ఆటలో సగం. లెక్క తప్పిందా, బంతి ఎంత బాగా కొట్టినా గీత దాటి గోడకు తగులుతుంది.

సత్యవేణి పగలు ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసేది. సాయంత్రం అంధుల హాస్టల్ హాల్లో ఆడేది. ఆట నేర్పింది గౌరీపతి మాస్టారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, చూపున్నవాడు, కాస్త కోపిష్టి. శనివారం శనివారం కోర్టు వేయడం అక్కడి అలవాటు. మాస్టారు కొలిచి మూలలకు గుర్తులు పెట్టేవారు. తాడు లాగి, పరిచి, టేపు అంటించే పని సత్యవేణిది. ఆమె వేళ్లు అంత చురుకైనవి.

"సత్యవేణి వేసిన గీత మీద మళ్లీ చెయ్యి పెట్టి చూడక్కర్లేదు" అనేవారు మాస్టారు అందరి ముందూ.

నిజంగానే ఎవరూ చూసేవారు కాదు. అదే కొంప ముంచింది.

ఆ వానాకాలంలో అనకాపల్లి పక్క పల్లెటూరి నుంచి నూకరత్నం అనే పిల్ల హాస్టల్‌కు వచ్చింది. కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చి, బంతి గలగల విని ఆటలో దిగింది. మూడు నెలలు తిరక్కుండానే సత్యవేణిని ఓడించింది. ఊరికే సరదాకు ఆడిన ఆట అది. అయినా సత్యవేణికి అన్నం సయించలేదు. రాష్ట్ర జట్టు ఎంపికలో అప్పటికే రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. వయసు ముప్పైకి దగ్గర పడుతోంది. ఇప్పుడీ పిల్లొకతె!

మరుసటి శనివారం ఆమె తాడును ఇంటి దగ్గరే కొలుచుకుని, దానికి రెండు ముడులు వేసి తెచ్చింది. ఒక్కొక్కటీ పెసరగింజంత. నడిమి గుర్తుకు అటు మూడడుగుల దూరంలో ఒకటి, ఇటు మూడడుగుల దూరంలో ఒకటి పడేటట్టు పరిచి టేపు వేసింది. ఆటలో వైపులు మారతారు కదా, అందుకని రెండో వైపు తాడుకూ అలాగే వేసింది. మంచి బుర్రే, వాడిన చోటే బాగాలేదు. ముడి తెలియాలంటే బూటు అడుగు పల్చగా ఉండాలి. అందుకే అరిగిపోయిన పాత జోడుతోనే ఆడేది. "కొత్తవి కొనుక్కోవే, పరువు పోతోంది" అని తల్లి పోరినా వినేది కాదు.

మనసు పీకకపోలేదు. దానికి సమాధానం కూడా ఆమే చెప్పుకునేది. "నేనేమైనా బంతి మార్చానా? గంత జార్చి తొంగిచూశానా? గీత ఇద్దరి కాళ్ల కిందా ఉంది. తెలుసుకోగలిగితే వాళ్లూ తెలుసుకోవచ్చు."

ఆరు నెలలు సత్యవేణిని ఎవరూ ఓడించలేదు. బంతి కోసం ఎటు పరుగెత్తినా, వెనక్కి వచ్చి కాలు ముడి మీద పెడితే చాలు, తానెక్కడున్నదీ తెలిసిపోయేది. మెల్లమెల్లగా ఆమె అడుగులు లెక్కపెట్టడమే మానేసింది. నూకరత్నం మాత్రం వరసగా ఓడిపోయింది. మొదట్లో నవ్వేది. తరవాత తరవాత ఆట అయ్యాక ఒక మూల కూర్చుని ఎవరితోనూ మాట్లాడేది కాదు.

మార్చి నెలలో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు ఆ హాల్లోనే జరిగాయి. ఉన్నది ఒక్కటే చోటు. ఫైనల్‌కు సత్యవేణి, నూకరత్నం మిగిలారు. గెలిచినామె జాతీయ పోటీలకు వెళుతుంది. ఓడినామె ఇంకో ఏడాది ఆగాలి.

ఫైనల్ ఆదివారం. శనివారం సాయంత్రమే సత్యవేణి ఎప్పటిలాగే కోర్టు వేసి వెళ్లింది. పెద్దవాళ్లు వస్తారని ఆదివారం పొద్దున్నే హాస్టల్ ఆయా పైడమ్మ హాలంతా బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కడిగింది. కిటికీల వైపు వెనక గీత మీద టేపు లేచిపోయి తాడు వదులైపోయింది. ఆట ముందు కోర్టంతా ఒకసారి నడిచి చూసుకోవచ్చని నియమం ఉంది. అలా నడుద్దామని ముందే వచ్చిన నూకరత్నం కాలికి ఆ తాడు తగులుకుంది. వెంటనే మాస్టారిని పిలిచింది. తాడు కొసను ఆమె పట్టుకుంది. మాస్టారు రెండో కొస బిగువుగా లాగి, మిగిలింది కోసేసి, పైన కొత్త టేపు అంటించారు. తెల్ల తాడు మీద తెల్ల ముడులు ఆయన కంట పడలేదు. నడిమి గుర్తు వేరే ముక్క కాబట్టి చెక్కుచెదరలేదు. కాని ముడులు రెండూ మూరెడు దూరం పక్కకు జరిగిపోయాయి.

ఈ సంగతి సత్యవేణికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. గీత ఉన్నచోటనే ఉంది కదా మరి. తాను వేసిన కోర్టే కదా అని ఆమె నడిచి చూసుకోనూ లేదు.

ఆట మొదలైంది. మాస్టారే అంపైరు. తలుపు వైపు ఆడినంతసేపూ సత్యవేణికి తిరుగులేదు. వైపు మారి కిటికీల దగ్గరకు వెళ్లేసరికి ఆమె కొట్టిన బంతులు ఒకటి తరవాత ఒకటి అవుటుకు పోయాయి. ముడి మీద కాలు పెట్టి, లెక్క సరిపోయిందనుకుని కొట్టేది. బంతి వెళ్లి గోడకు తగిలేది. నాలుగో బంతికి ఆమెకు అసలు విషయం అర్థమైంది. ముడి జరిగింది.

అర్థమై ఏం లాభం? నా దొంగ ముడి పక్కకు జరిగింది, సరిచేయండి అని ఏ అంపైరును అడుగుతుంది? నడిమి గుర్తు నుంచి అడుగులు లెక్కపెట్టుకుందామని చూసింది. ఆరు నెలలుగా వదిలేసిన అలవాటు అడగ్గానే తిరిగొస్తుందా! ఒకటి, రెండు అనుకునేలోపే కాలు ముడిని వెతుక్కునేది. లెక్క కాస్తా చెదిరిపోయేది. అలా తలుపు వైపు గెలుస్తూ, కిటికీల వైపు ఓడుతూ ఆడింది. ఆమెకొక సెట్టు, నూకరత్నానికొక సెట్టు వచ్చాయి.

మూడో సెట్టు ముందు నూకరత్నం మాస్టారి అనుమతి అడిగి బూట్లు మార్చుకుంది. వాళ్లన్నయ్య ఫైనల్ కోసమని కొనిపెట్టిన కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. రోజూ ఆడే మందపాటి జోడు తేలేదు గనుక, సంచిలో ఉన్న, బయట తిరగడానికి వాడే పాత గుడ్డ బూట్లు వేసుకుంది. వాటి అడుగు పల్చన.

సెట్టు రెండు గేములు రెండు గేములుగా సమంగా నడుస్తోంది. నూకరత్నం తలుపు వైపు ఉంది. వరసగా రెండు పాయింట్లు గెలిచింది. సత్యవేణి "రెడీ?" అని అడిగింది. అవతలి నుంచి "యస్" అన్న మాట రాలేదు.

"మాస్టారూ, ఆటొకసారి ఆపండి" అంది నూకరత్నం.

"ఏమ్మా, దెబ్బ తగిలిందా?"

"లేదండి. ఈ గీతలో ముడేటో ఉంది. గుడ్డ బూట్లు ఏసుకున్నాక కాలికి తెలిసింది. దాని మీద నిలబడితే నానెక్కడున్నానో ఇట్టే తెలిసిపోతంది. ఇప్పుడు కొట్టిన రెండూ అలాగే కొట్టీసాను. ఆ రెండు పాయింట్లూ తీసీయండి."

మాస్టారు కుర్చీ దిగి వచ్చి, వంగి, వేలితో తడిమి చూశారు. "అవునే! తాడు ఉండలోనే ముడి పడి ఉంటుంది. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కొత్త తాడు వేసి ఈ గేము మళ్లీ మొదటి నుంచి ఆడిద్దాం" అన్నారు.

సత్యవేణి గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఎవరూ ఆమెను అనుమానించలేదు. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు.

ఇంతలో నూకరత్నం నెట్టు తడుముకుంటూ ఇవతలికి వచ్చింది. "అక్కా, ఏదీ నీ చెయ్యి? ఒకసారి ఇలాగ రా" అంది.

"ఎందుకు?"

"నువ్వూ ముట్టుకుని సూడాల. నాకొక్కదానికే తెలిసి, నీకు తెలవకపోతే అన్యాయం కాదేటి?"

ఆమె సత్యవేణి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి, నేల మీద కూర్చోబెట్టి, వేళ్లను తెచ్చి సరిగ్గా ముడి మీద పెట్టింది. "ఇదిగో, ఇక్కడ. తెలిసిందా?" అని అడిగింది.

తెలియకేం! రెండు మెలికలు తిప్పి బిగించిన ముడి అది. తన చేత్తో తాను వేసిందే. ఓడిపోతే ఎలా ఉంటుందో సత్యవేణికి రెండుసార్లు అనుభవం. ఇది అంతకన్నా హీనంగా ఉంది. సిగ్గుతో ఆమె ముఖం కాలిపోయింది.

"ఉండలో పడ్డది కాదు మాస్టారూ. నేను వేశాను" అంది. "ఇక్కడ రెండు. కిటికీల వైపు కూడా రెండున్నాయి, ఎందుకో పక్కకు జరిగాయి. ఆరు నెలలుగా ప్రతి శనివారం వేస్తున్నాను."

హాల్లో గుసగుసలు లేచాయి. మాస్టారు ముడి మీద టేపు పీకేశారు. ఆ కోపిష్టి మనిషి ఆ రోజు కేకలు వేయలేదు.

"మళ్లీ చెయ్యి పెట్టి చూడక్కర్లేదని అన్నది నేను. ఆ తప్పు నాది. ఆట నూకరత్నానిది" అన్నారు.

నూకరత్నం మాత్రం సంతోషపడలేదు. సత్యవేణి చెయ్యి వదిలేసింది.

"ఆరు నెల్లక్కా! నాకు ఆటే రాదనుకున్నాను. ఈ పోటీ అయిపోగానే మానేసి ఇంటికెళ్లిపోదామని అన్నయ్యకి ఫోను కూడా చేసీసాను. నువ్వు నన్ను ఓడించడం కాదు, నా మీద నాకున్న నమ్మకం తీసీసావు" అంది ఏడుస్తూ.

ఆ మాట ముందు జట్టులో చోటు పోవడం సత్యవేణికి పెద్దగా అనిపించలేదు.

ఆమెను ఏడాదిపాటు పోటీల్లో ఆడకూడదన్నారు. నూకరత్నం జాతీయ పోటీలకు వెళ్లింది. అక్కడ రెండో ఆటలోనే ఓడిపోయింది. అయినా ఇంటికి వెళ్లిపోలేదు, ఆట మానలేదు.

రెండు నెలల తరవాత ఒక శనివారం మాస్టారు తాడు ఉండ తెచ్చి మళ్లీ సత్యవేణి చేతిలోనే పెట్టారు. ఆమె తీసుకుని తాడు పరిచింది గాని టేపు ముట్టుకోలేదు.

"ముందు నూకరత్నాన్ని పిలవండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా తను వేలు నడిపి చూడాలి. ఆ తరవాతే టేపు వేస్తాను" అంది.

నూకరత్నం వచ్చింది. తాడంతా తడిమి చూసింది. ఆఖరి మూలకు వచ్చాక, "బాగుందక్కా, అంటించీ" అంది. ఆ రెండు నెలల్లో ఆమె సత్యవేణిని అక్కా అని పిలవడం అదే మొదలు.

అప్పటి నుంచి ఆ హాల్లో ఒకరు పరిచిన తాడును అవతల ఆడేవాళ్లు తడిమి చూడనిదే టేపు పడదు. బంతుల గలగల కూడా ఇద్దరూ చెవి దగ్గర పెట్టుకుని వింటారు. మరుసటి ఏడాది ఎంపిక ఫైనల్లో సత్యవేణి మళ్లీ నూకరత్నం చేతిలోనే ఓడిపోయింది. ఆ రోజు ఆమె తన అడుగులు తానే లెక్కపెట్టుకుని ఆడింది. ఆట అయ్యాక ఇద్దరూ కలిసి కోర్టులోని తాడు చుట్టి ఉండ చేశారు. సత్యవేణి ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తింది.

పిల్లలూ, గీతా బంతీ ఇద్దరికీ ఒక్కలాగే ఉన్నప్పుడు వచ్చేదే గెలుపు. మనకొక్కరికే తెలిసిన దొంగ సాయంతో గెలిస్తే, అవతలివాళ్ల కష్టాన్నీ నమ్మకాన్నీ దొంగిలించినట్టే.