బేరంలో పోయిన బండి

తాడిపత్రిలో బాబయ్య మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. పాత బండి సామాను కొనడానికి ఎవరింటికి వెళ్లినా, ముందు ఆ వస్తువును కళ్లారా చూసి, బాగుంటే బాగుందని ఇంటివాడి ఎదుటే చెప్పేసేవాడు. ఆ తర్వాతే బేరం. కొనబోయే వస్తువును తిట్టడం మన దగ్గర ఒక విద్య. వంకాయల బుట్ట దగ్గర మొదలై పెళ్లిచూపుల దాకా అది అందరికీ వచ్చినదే. మేస్త్రికి మాత్రం అబ్బలేదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నాగలింగకు ఇది చూస్తే ఒళ్లు మండేది. పాతికేళ్లు దాటినవాడు, చెయ్యి మంచిది, నోరు అంతకన్నా చురుకు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"బాగుందని మనమే ముందు చెప్పేస్తే ఇంగ వాడు రేటు దించుతాడా మేస్త్రీ? ఎందుకట్లా చెప్తావు?"

మేస్త్రి చేతిలోని కార్బురేటరు జెట్టును నోటితో ఊది, వెలుతురుకేసి పట్టి చూసుకున్నాడు. ఈసారి నువ్వే పోయి, నీకు తోచినట్టే మాట్లాడుకొని రమ్మన్నాడు.

వెళ్లవలసిన పని కూడా నాగలింగదే. అతను ముచ్చటపడి ఒక పాత టూ స్ట్రోక్ డర్ట్ బైకు కొన్నాడు. ఇసకలో, రాళ్లలో తోలే ఎత్తయిన బండి, దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇంటికి తెచ్చి ఇంజను విప్పితే, పిస్టన్ ఆడే సిలిండరు, అంటే మెకానిక్కులు బోరు అనేది, గీతలు పడి అరిగిపోయి ఉంది. లోపల మళ్లీ కోయించి నున్నగా చేయించడానికి కూడా అందులో గోడ మందం మిగల్లేదు. అనంతపురం, బళ్లారి, బెంగళూరు సందులన్నీ తిరిగాడు. ఉందని ఫోనులో చెప్పినవాళ్లు తీరా వెళితే వేరే బండి బోరు చేతిలో పెట్టారు. బండి ఇక లేవదేమోనన్న బెంగ పట్టుకుంది. అటువంటప్పుడు తెలిసింది, అదే మోడలు ఒకటి పెన్న అవతలి పల్లెలో, సుంకన్న అనే ముసలాయన కొట్టంలో ఉందని.

సుంకన్న వయసులో ఉన్నప్పుడు నాపరాళ్ల లారీ తోలేవాడు. వేసవిలో పెన్న ఎండిపోతే ఆ ఇసకలో ఈ బండి మీద పందేలకు దిగేవాడు. పక్షవాతం వచ్చి ఒక కాలు చచ్చుబడ్డాక, బండికి పట్టా కప్పి కొట్టంలో పెట్టాడు. పెట్టాడన్న మాటే గానీ వదల్లేదు. ప్రతి అమావాస్యకూ ప్లగ్గు విప్పి, లోపల నాలుగు చుక్కలు నూనె వేసి, ఇంజను పట్టేయకుండా కిక్కు రాడ్డును చేత్తోనే నెమ్మదిగా అదిమేవాడు. ఇంట్లోవాళ్లకు మాత్రం అది చోటు తినే ఇనుము. వాళ్లు ఆ మాట అనడం, ఆయన పోట్లాటకు దిగడం ఏళ్ల తరబడి నడుస్తోంది.

బండి కోసం మనిషి వచ్చాడని తెలిసి సుంకన్న గోడ పట్టుకొని కొట్టం దాకా నడిచాడు. పట్టా తానే లాగాడు. నాగలింగ ఇంజను పైమూత, అంటే హెడ్డు, విప్పి టార్చి వేసి చూశాడు. కొత్త బోరుకు ఫ్యాక్టరీలో గీసే సన్నని అడ్డగీతలు కూడా చెరగలేదు. ఇంత మంచి బోరును అతను ఇంతవరకూ చూసి ఎరగడు.

పైకి మాత్రం పెదవి విరిచాడు. పిస్టన్ పోయిందన్నాడు, బోరు పాడైందన్నాడు, ఇన్నాళ్లు దీన్ని ఉంచుకోవడమే దండగన్నాడు. "తూకానికి ఏసేదే పెద్దాయనా. వచ్చినందుకు కావాలంటే ఆ బోరు ఒకటి తీసుకుంటా" అన్నాడు. సుంకన్న బండివైపు చూడలేదు, అతని ముఖంవైపే చూశాడు. ఆలోచించుకొని చెప్తానన్నాడు. నాగలింగ ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. బేరం పండాలంటే కొన్నాళ్లు కనబడకుండా పోవాలి, అది కూడా ఆ విద్యలో భాగమే.

మూడో రోజు వెళ్లేసరికి కొట్టం ఖాళీగా ఉంది.

సుంకన్న అరుగు మీద ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. కూర్చోమని మజ్జిగ ఇప్పించాడు. "ఇంట్లోవాళ్లు ఇనుమంటే వాళ్లకేం తెలుసులే అనుకుంటి నాయనా. తెలిసినోడివి, నువ్వు గూడా అదే అంటివి. ఇంగ నాకెందుకు మొండితనమని మొన్ననే పాతినుము వానికి ఏసేస్తి. మొగమాటం లేకుండా చెప్పినావు, నీకు పుణ్యముంటాది" అన్నాడు. నాగలింగ మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టేసి లేచాడు.

జరిగిందంతా విని మేస్త్రి ఆ పాతినుము అంగడి ఎక్కడని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేదని నాగలింగ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. మరునాడు ఇద్దరూ ఆ పాతినుము అంగడికి వెళ్లారు. అక్కడ అల్యూమినియం ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప. సుంకన్న బండి బోరు మీది అల్యూమినియం రెక్కల ముక్కలు ఒకచోట, సమ్మెటదెబ్బకు నిలువునా పగిలిన లోపలి గొట్టం ఇంకోచోట కనిపించాయి. నాగలింగ ఆ ముక్కను చేతిలోకి తీసుకొని, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

ఇక ఇంటికేనని అతను అనుకుంటుంటే మేస్త్రి బండిని పెన్నవైపు తిప్పాడు. నాగలింగ భయపడ్డాడు. ఇప్పుడు నిజం చెబితే, మంచి బండిని చేతులారా పగలగొట్టించుకున్నానని ఆ ముసలాయన ఇంకా కుమిలిపోడా అన్నాడు. తెలియకుండా ఉంటేనే ఆయనకు సుఖం కదా అన్నాడు. ఈ కథ చెబుతున్న నా మటుకు నాకు అది తేలిగ్గా తీసిపారేయదగ్గ ప్రశ్న అనిపించదు. మేస్త్రి మాత్రం బండి ఆపలేదు.

సుంకన్న ముందు నాగలింగ నిలబడే చెప్పాడు. "రేటు దించాలని అబద్ధం చెప్పినా పెద్దాయనా. అట్లాంటి బోరు నేను యాడా చూడలేదు. నువ్వు దాన్ని బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నావు."

సుంకన్న కళ్లు నిండాయి. ఎంత తిట్టినా పడదామని నాగలింగ తల దించుకున్నాడు. ఆయన ఇంట్లోకి కేకేసి భార్య ఆదెమ్మను పిలిచాడు. ఆ మాట ఆమె ముందు మళ్లీ చెప్పమన్నాడు. నాగలింగ చెప్పాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పమన్నాడు, కోడలు వంటింట్లో ఉందట. నాగలింగ గట్టిగా చెప్పాడు. ఆదెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నిన్న అమావాస్య అనీ, నువ్వు పోయినాక ఈయన అలవాటు కొద్దీ నూనె డబ్బా పట్టుకొని ఉత్త కొట్టం దాకా పోయి వచ్చినాడనీ చెప్పింది.

"పోతే పాయెలే. నేను పిచ్చోణ్ణి గాదన్నమాట" అన్నాడు సుంకన్న, భార్యవైపు చూస్తూ. ఆ తర్వాత వాళ్లను కదలనిస్తేనా. పెన్నలో తాను గెలిచిన పందేలన్నీ చెప్పి, కోడలి చేత ఇద్దరికీ బొరుగుల ఉగ్గాణీ పెట్టించి పంపాడు.

తిరుగుదారిలో నాగలింగ వెనక కూర్చున్నాడు. పెన్న దాటాక, ఇక తన బండికి బోరు ఎక్కడ వెతకాలో తోచడం లేదన్నాడు.

మేస్త్రి వెనక్కి తిరగకుండానే అన్నాడు. "బోరు ఇంకో ఊళ్లో దొరుకుతుందిలేరా. ఆ పెద్దాయనకు కావలసిన మాట నీ దగ్గర తప్ప యాడా దొరకదు."