కొండమీది గుమ్మడిటేకు

మీ మాటకు అడ్డు చెప్పేవాళ్ళందర్నీ ఒక్క పూటలో సాగనంపే వీలు దొరికితే, ఎంతమందిని మిగుల్చుకుంటారు? తొందరపడి జవాబు చెప్పకండి. మీ ఇంట్లోవాళ్ళని, మీ ఆఫీసులోవాళ్ళని, మీ సంఘంలోవాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకుని మరీ చెప్పండి. "నేనలాంటి మనిషిని కాదు" అని అప్పుడే అనుకున్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువసేపు తలుచుకోండి. ప్రభాకరం కూడా అలాగే అనుకున్నాడు.

ప్రభాకరం శరభయ్య గారి శిష్యుల్లో పెద్దవాడు. శరభయ్య గారు కొండ దిగువన, వాగు ఒడ్డున ఉంటూ మూలికావైద్యం నేర్పే ముసలాయన. ఆయన దగ్గర ఉండి నేర్చుకునేవాళ్ళకి పగలంతా వేళ్ళు తవ్వడం, నూరడం, కషాయాలు కాచడం. దీపాలు పెట్టే వేళకు సభ. సభలో ఆయన ఒక రోగం సంగతి ఎత్తుకుని చెబుతారు. సందేహం ఉన్నవాళ్ళు లేచి అడగవచ్చు. ఆశ్రమం నడిపే పని మాత్రం ఆయన ఏనాడో శిష్యుల చేతిలో పెట్టేశారు. ఎవరు వండాలి, ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని పంపాలి అన్నవి వాళ్ళే కూర్చుని తీర్మానించుకుంటారు. ఆయన అందులో వేలు పెట్టరు.

ఆ తీర్మానాల్లో చివరిది నూకరత్నం మీద చేసింది. ఆవిడ చోడవరం పక్క పల్లె మనిషి. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తూ, ఊళ్ళో పసివాళ్ళు జ్వరాలతో నీరసించిపోవడం చూడలేక, ఉన్న పని వదిలేసి వైద్యం నేర్చుకుందామని వచ్చింది. సగం నేర్చుకుంది కూడా. మిగతా సగం నేర్పేవాడు ఆ చుట్టుపక్కల శరభయ్య గారు తప్ప మరొకరు లేరు. సగం వైద్యంతో ఇంటికి పోతే ఆ సగమూ దండగే అని ఆవిడకు తెలుసు. అయినా నోరు ఊరుకోదు. లంఖణం పరమౌషధం అని గురువుగారు చెబుతున్నప్పుడు లేచి నిలబడి, గంజి కూడా దొరకని ఇంటికెళ్ళి పస్తుండమని ఎలా చెప్పమంటారు మాస్టారూ అని అడిగింది. ఆ సాయంత్రం పాఠం అక్కడే ఆగిపోయింది. అలాగని ఆవిడ అడిగినవన్నీ సబబైన ప్రశ్నలేం కావు. రెండు మొక్కల వేళ్ళు ఒకటేనని ఒకసారి సభంతా వాదించింది. కాదని విరిచి చూపించాక, అలాగైతే వాసన ఒకటే ఎందుకుందో చెప్పండి అని మళ్ళీ మొదలుపెట్టింది. వింటున్నవాళ్ళకు ఆకలి వేళ దాటిపోయింది. విసుగు పుట్టడంలో వింతేమీ లేదు.

అందుకని శిష్యులంతా ఒక్క మాట మీదికొచ్చారు. ముందు ఆవిణ్ణి ఆ రోజు సభకు రావద్దన్నారు. మర్నాడు సాయంత్రం బస్సుకి ఊరికి పొమ్మన్నారు. ఆవిడ లేని ఆ సభ అయ్యాక, తెల్లారగానే ప్రభాకరం గురువుగారికి సంగతి చెప్పడానికి వెళ్ళాడు. చెప్పి, ఆ వెంటే తనే అడిగాడు.

"ఒకే మాట మీద ఉన్నవాళ్ళం కలిసి కూర్చుంటే చదువు సాగుతుంది. అడుగడుక్కీ అడ్డం వచ్చేవాళ్ళని పక్కన పెట్టుకుని ఎలా సాగించమంటారు గురువుగారూ? కలుపు తియ్యని మడి ఎక్కడైనా పండుతుందా?"

శరభయ్య గారు కణతలు నొక్కుకున్నారు. మీ తీర్మానం వింటే తల పగిలిపోతోందిరా, గుమ్మడిటేకు ఆకు నూరి పట్టు వేసుకుంటాను, లేతాకు ఓ గుప్పెడు పట్టుకురా అన్నారు.

ప్రభాకరం మొహం చిన్నబోయింది. ఎందుకో చెప్పాలి. గుమ్మడిటేకు అంటే గుమ్మడితీగకు చుట్టం కాదు, పెద్ద చెట్టు. దాని వేరు దశమూలాల్లో ఒకటి. అది లేకపోతే ఆశ్రమంలో సగం కషాయాలు పొయ్యెక్కవు. అడివిలో ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి ఉంటుందని, వెతుక్కుంటూ తిరగడం కష్టంగా ఉందని, ప్రభాకరం కొన్నేళ్ళ కిందట వాగు ఇవతలి గట్టు మీద తోట వేశాడు. ముళ్ళపొదలూ తీగలూ పేరు తెలియని మొక్కలూ అన్నీ కొట్టించి, నేల అద్దంలా చేయించి, వరసలు తీసి ఒక్క గుమ్మడిటేకే నాటాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తోటంటే ఇలా ఉండాలి అనేవారు. చెట్లు కూడా ఆ మాట విన్నట్టే పెరిగాయి.

ఈ తీర్మానం జరిగిన ఏడాదే, వానలకి పురుగు దిగింది. వీపు నీలాకుపచ్చగా మెరిసే పెంకుపురుగు. చూస్తే ఎవరో నగలో పొదగడానికి చేసినట్టుంటుంది. గుమ్మడిటేకు ఆకు దొరికితే మరో ఆకు వైపు చూడదు. దాని పిల్లపురుగులు ఇంకా గడుసువి. తమ మలాన్నే దారాల్లా సాగదీసి వీపు మీద మోసుకు తిరుగుతాయి. అది చూసి పిట్టలు కూడా మొహం తిప్పుకుంటాయి. శిష్యులు చేతులతో ఏరారు, వేపకషాయం చల్లారు, పొగ పెట్టారు. పురుగు చుట్టూ ఉన్న పొదల్లో దాక్కుంటోందనుకుని ప్రభాకరం గట్టు అంచున మిగిలిన ఆ నాలుగు పొదలూ కూడా కొట్టించేశాడు. అయినా ఆకులు జల్లెడలయ్యాయి, తర్వాత ఈనెలయ్యాయి, ఆ తర్వాత అవీ పోయాయి. తోటంతా పుల్లలు నిలబెట్టినట్టుంది. ఈ సంగతి గురువుగారికి తెలియకుండా ఉంటుందా? అయినా లేతాకు తెమ్మన్నారు.

తోటలో ఒక్క ఆకూ లేదండీ అన్నాడు ప్రభాకరం. వాగు అవతల కొండమీద ఒక చెట్టుండాలి, పెద్ద బండ దాటాక ఎడమ చేతి వైపు, వెళ్ళి చూడు అన్నారు శరభయ్య గారు.

ప్రభాకరం కత్తి తీసుకుని వెళ్ళాడు. అరగంటలో వచ్చేస్తాననుకున్నవాడు పొద్దు నడినెత్తికి వచ్చి, అటు వాలుతుండగా తిరిగొచ్చాడు. గుప్పిట్లో ఆకులు బాగానే ఉన్నాయి. మనిషే బాగాలేడు. చొక్కా చిరిగింది. మెడ మీద ఎర్రచీమల కాట్లు. రెండు చేతులూ మోచేతుల దాకా కందిపోయి ఉన్నాయి, గోళ్ళతో ఒకటే గోకుడు. దూలగొండి కాయలు రాసుకున్నాయి. ఆ కాయల నూగు ఒంటికి తగిలితే మనిషి నిలబడలేడు.

ముంగిట్లోని నీళ్ళ తూము దగ్గరికి పరుగెత్తి నీళ్ళు కుమ్మరించుకోబోయాడు. అక్కడే తన మూట పక్కన పెట్టుకుని బస్సు వేళ కోసం కూర్చున్న నూకరత్నం చెంబు లాగేసుకుంది.

"నీళ్ళు పోసుకోకండి బాబూ, ఇంకా ముదురుతాది. ఎండుపేడ రుద్దండి, నూగంతా దాంతో రాలిపోతాది."

ఒంటికి పేడేమిటి, చల్లటి నీళ్ళు పోస్తే మంట తగ్గదా, ఏ శాస్త్రంలో ఉంది ఇది అన్నాడు ప్రభాకరం గోక్కుంటూనే. శాస్త్రం రాసినాయనకి దూలగొండి తగిలుండదు అంది ఆవిడ. గురువుగారిని అడుగుదాం పదండి అని అతను, అడగండి, అందాకా గోక్కుంటూ ఉండండి అని ఆవిడ. చుట్టూ చేరిన శిష్యులు నవ్వాపుకోవడానికి నేల చూశారు. చివరికి అతను పేడ రుద్దుకున్నాడు. తగ్గింది. పూర్తిగా తగ్గలేదని అతను అన్నాడు, అదీ నిజమే కావచ్చు.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న శరభయ్య గారు ఇంత ఆలస్యమేమని అడిగారు. అడగడమే చాలన్నట్టు ప్రభాకరం మొత్తం వెళ్ళబోసుకున్నాడు. బండ దాటగానే ముళ్ళ గచ్చపొద పట్టుకుందట. దాన్ని విడిపించుకుని ముందుకెళ్తే వావిలి గుబురు. ఆ ఘాటుకి ముక్కు పనిచెయ్యలేదట. దూరాన గుమ్మడిటేకు ఆకులాగే కనిపించి అటు నరుక్కుంటూ వెళ్తే, తీరా అది మరో చెట్టట. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పాడు. ఒక కొమ్మ వంచితే చీమల గూడు మీద పడింది. ఆ తర్వాత దూలగొండి. అసలు చెట్టు దాని వెనకాలే ఉంది, రెండుసార్లు పక్కనుంచే వెళ్ళి కూడా చూడలేదట.

"ఆ చెట్టుకి పురుగు లేదా?"

ఉందన్నాడు ప్రభాకరం. ఏవో కొద్దిగా కనిపించాయి. కింది ఆకులకు చిల్లులున్నాయి, పైనంతా పచ్చగా ఉంది.

"నీకు కళ్ళున్నాయి, కత్తి ఉంది, దారి చెప్పడానికి నేనున్నాను. అయినా పూటంతా పట్టింది. ఆ పురుగుకేమున్నాయిరా, గోరంత రెక్కలు తప్ప?"

ప్రభాకరం గోక్కోవడం ఆపాడు. తోటలో అయితే ఎగరక్కర్లేదు, ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదికి నడిచి పోవచ్చు అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. కాని అతనూ ఊరికే తలూపే మనిషి కాడు. అది చెట్ల సంగతి గురువుగారూ, సభలో కూర్చున్నవాళ్ళం మనుషులం, మనల్ని తినే పురుగెక్కడిది అని అడిగాడు.

శరభయ్య గారు వెనక చేరిన శిష్యుల వైపు చూశారు. నిన్న సభలో పసిపిల్లల జ్వరానికి కషాయం మోతాదు చెప్పాను, గుర్తుందా అని అందర్నీ అడిగారు. అందరికీ గుర్తుంది. పొద్దున్నే లేచి ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం కూడా అన్నారు.

"అది పెద్దవాళ్ళ మోతాదు. నోరు జారాను. పక్క మీద వాలాక తట్టింది. అప్పుడే లేచి మందుల గదికి తాళం వేశాను."

అరుగు ముందు నిలబడ్డవాళ్ళు మందుల గది తాళం వైపు చూశారు. నిన్న సభలో ఒక్క చెయ్యి లేవలేదని, పాఠం ఎంత సాఫీగా సాగిందో అని పడుకోబోతూ చెప్పుకుని సంతోషించినవాళ్ళే వాళ్ళంతా. నూకరత్నం ఉంటే ఆ తప్పు పట్టుకునేదని నేను చెప్పను, పట్టుకోకపోనూవచ్చు అన్నారు శరభయ్య గారు. లేచి ఇంకేదో అడిగేది, ఆ అడిగినదానికి జవాబు చెప్పబోయి నేనే తడుముకునేవాణ్ణేమో. ఏమో. నిన్న నా తప్పుకి దారిలో గచ్చపొద కూడా తగల్లేదు.

ఇక్కడితో కథ అయిపోయినట్టే ఉంది కదా? అక్కడున్నవాళ్ళకీ అలాగే అనిపించింది. ప్రభాకరం కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇద్దరు ముగ్గురు చేతులు జోడించారు. అప్పుడు తూము దగ్గర్నుంచి నూకరత్నం లేచి వచ్చింది. ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అయితే నన్ను మీ తోటకి గచ్చపొదలాగ ఉంచుకుంటారేటండీ మాస్టారూ? మీ పురుక్కి అడ్డం నిలబడ్డానికొచ్చానా నేను? నా ఊళ్ళో పిల్లలకి జ్వరమొస్తే ఏటి చెయ్యాలో నేర్చుకుందామని వచ్చాను. నేను అడిగిందల్లా అందుకే అడిగాను. మీకు పనికొస్తానని ఉండమంటే, పనికిరాని రోజున మళ్ళీ బస్సెక్కించేస్తారు."

ఎవరో ఉండమ్మా అని సర్దబోయారు. శరభయ్య గారు చేత్తో వారించారు. ఆవిడ మూట అందుకుని బాట వైపు నడిచింది. కొండమలుపులో బస్సు హారన్ వినిపించింది. ఇంకాసేపట్లో అది వాగు అవతల చింతచెట్టు దగ్గర ఆగుతుంది, ఎక్కేవాళ్ళు లేకపోతే ఆగదు. ప్రభాకరం గురువుగారి మొహంలోకి చూశాడు. ఏదో ఒకటి చెప్పమన్నట్టు మిగతావాళ్ళూ చూశారు. ఆయన ఆ ఆకుల గుప్పెడు ఒళ్ళో పెట్టుకుని, నడిచి వెళ్తున్న మనిషిని చూస్తూ అన్నారు.

"ఆవిడ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. పరుగెత్తండి. ఉంటుందేమో అడగండి, చెట్టుని కాదు, మనిషిని అడిగినట్టు."