నక్క ఖాళీ చేసిన పుస్తకాల బస్సు

పట్నం ఇళ్ళు అయిపోయి, అడవి ఇంకా మొదలుకాని చోట చక్రాల్లేని పాత బస్సు ఒకటుంది. ఆ చుట్టుపక్కల జంతువులన్నిటికీ అదే గ్రంథాలయం. దాని పెత్తనం లింగయ్య అనే ఎద్దుది. పెత్తనమంటే గొప్పేమీ కాదు. ఊడ్చేదీ, దులిపేదీ, అక్షరం రానివాళ్ళకు చదివి వినిపించేదీ కూడా ఆయనే.

లింగయ్య తండ్రి కాలంలో వరదొచ్చి ఓ బడి మునిగింది. కొట్టుకొచ్చిన పుస్తకాలను ఆయన తుమ్మకంపల మీద ఆరబెట్టి, బండికెత్తి, గడపగడపకూ తిప్పాడు. "పుస్తకం దగ్గరికి రానివాళ్ళ దగ్గరికి పుస్తకమే పోవాలి" అనేవాడు. అలా తిరిగి తిరిగి మూడు శాఖలు వెలిశాయి. రాళ్ళ క్వారీలో కుందేళ్ళది, వాగు ఒడ్డున తాబేలుది, రైలు వంతెన కింద మేకలది. మేకల శాఖలో పుస్తకాలు కాస్త తక్కువ. ఎందుకో చెప్పనక్కర్లేదు.

లింగయ్య తండ్రి పెట్టిన కట్టుబాట్లు రెండే. గ్రంథాలయంలో ఎవరూ ఎవరినీ తినకూడదు. రెండు భాగాల కథ ఏదైనా, మొదటి భాగం బస్సులో ఉంటే రెండోది ఏదో ఒక శాఖలో ఉండాలి. రెండూ ఒకచోటే పెడితే పట్టుకుపోయి ఇంట్లో ముడుచుకు కూర్చుంటారనీ, విడదీస్తే కాలు కదిపి నలుగురి మొహాలు చూస్తారనీ ఆయన నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే నాగభూషణం అనే నక్క పెళ్ళాన్నీ, అత్తగారినీ, బావమరుదులనూ, పిల్లలనూ వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

"లింగయ్య మావా, మా ఇంటిల్లిపాదికీ చదువు మీద మనసు పడింది."

నక్కకూ నాకలోకానికీ ఎంత దూరమో, నాగభూషణానికీ చదువుకూ అంత దూరం. అయినా లింగయ్యకు అనుమానం రాలేదు. "అంతకన్నానా అల్లుడూ" అని అరలన్నీ చూపించాడు. పట్టుకెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పట్టుకెళ్ళి, సాయంత్రానికి అరల్లో ఒక్క పుస్తకం మిగల్చలేదు వాళ్ళు. లింగయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాడు. పొద్దున్నే నక్కతోక తొక్కానని సంబరపడ్డాడు కూడా.

ఆ మర్నాటి నుంచి ముసురు పట్టింది. వారం తిరిగి, పుస్తకాలు తెచ్చిచ్చే రోజున నాగభూషణం వచ్చాడు. చేతిలో పుస్తకం లేదు, వెంట వీరాస్వామి ఉన్నాడు. వీరాస్వామి ఎలుగుబంటి. ఆ ప్రాంతానికి ఆయన మాటే తీర్పు.

"చూడండి పెద్దయ్యా, గ్రంథాలయమట. భూతద్దం పెట్టి వెతికినా ఒక్క పుస్తకం లేదు. ఉత్త డొక్కుకు కాపలా దేనికి? నాకిప్పించండి. ఈ మెత్తటి సీట్ల మీద పిల్లాపాపలతో హాయిగా ఉంటాను."

చదువు మీద మనసెందుకు పడిందో లింగయ్యకు అప్పుడర్థమైంది.

"ఏమంటావు లింగయ్యా?" అన్నాడు వీరాస్వామి.

లింగయ్య నెమరు ఆపాడు. "గాదె ఖాళీ అయితే దిగులుపడాలి పెద్దయ్యా. పుస్తకాల అర ఖాళీ అయితే పండగ చేసుకోవాలి. అవన్నీ ఏదో ఇంట్లో ఎవరో చదువుతున్నట్టేగా."

"ఎవరు చదువుతారు మావా? మా గుహలో ఓ మూల పడున్నాయి" అని నవ్వాడు నక్క.

వీరాస్వామి బుర్ర గోక్కున్నాడు. "సరే. పొద్దుగూకేలోగా పుస్తకం కావాలని ఒక్క ప్రాణి వస్తే బస్సు లింగయ్యది. రాకపోతే నాగభూషణానిది."

బస్సు ఖాళీ అని అందరికీ తెలుసు. ఆ వానలో ఎవరొస్తారు? నాగభూషణం పక్క ఎటు వేసుకోవాలా అని సీట్లు నొక్కి చూసుకుంటున్నాడు. నాన్న తిప్పిన బండి నా హయాంలో ఆగిపోతోందే అని లింగయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

అంతలో వానలో ఏదో గుంపు కదిలింది. మోదుగాకుల్లో చుట్టిన పుస్తకాలు పట్టుకుని నక్క పెళ్ళాం అనసూయమ్మ, వెనకే పిల్లలు, ఆ వెనక రొప్పుతూ ముసలి అత్తగారు.

"అన్నయ్యగారూ, దీని రెండో భాగం ఎక్కడుందండీ?" అంది అనసూయమ్మ.

నాగభూషణం నోరు తెరిచాడు. "నువ్వెందుకొచ్చావే? ఇంటికి పో."

"మీరుండండి. వారంగా ముసురు, పిల్లలు ఒకటే పేచీ. బొమ్మలు చూపిద్దామని ఒకటి తెరిచాను. ఆ పడవెక్కిన కోతి సుడిగుండంలో పడింది, పుస్తకం అయిపోయింది. ఎలా ఉండమంటారు?"

"కోతి బతికిందా లేదా, ముందది చెప్పు నాయనా" అంది అత్తగారు. "నాకు కంటి మీద కునుకు లేదు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాగభూషణం తోక కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

లింగయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "రెండో భాగం వాగు ఒడ్డున తాబేలు దగ్గరుంది తల్లీ. ఎక్కండి, బండి కడతాను."

"ఇంతకీ కోతి బతుకుతుందా?" అని మెల్లిగా అడిగాడు వీరాస్వామి.

"చెప్పకూడదు పెద్దయ్యా. చదువుకోవాలి."

వీరాస్వామి గబగబా బండెక్కి ముందు కూర్చున్నాడు. దారిలో అనసూయమ్మ అడిగింది, "మా గుట్టకు ఇదంతా దూరం అన్నయ్యగారూ. మావైపు ఓ శాఖ పెట్టకూడదూ?"

"పెట్టాల్సిందే. సగం పుస్తకాలు ఎలాగూ నాగభూషణం గుహలోనే ఉన్నాయిగా" అన్నాడు వీరాస్వామి. అదే తీర్పయింది.

ఇప్పుడు ఆ గుహలో గోడ గోడకూ పుస్తకాలే. నాగభూషణానికి గుమ్మం దగ్గర మాత్రం కాస్త చోటు మిగిలింది. గ్రంథాలయం కాబట్టి ఎవరినీ తినడానికి లేదు. క్వారీ కుందేళ్ళు లోపలికి వెళ్తూ ఒక్కొక్కటీ అతని తోక తొక్కి మరీ వెళ్తున్నాయి.

నీతి: మూలన పడేద్దామని ఇంటికి తెచ్చినా, పుస్తకం ముందు ఆ ఇంటినే గెలుస్తుంది.