మీసాలు రాని జట్టు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక చివర మణిమేడ అనే నగరం, ఇంకో చివర కొటారుపాలెం అనే ఉప్పు ఊరు. నగరంలో ఉప్పు పండదు. కొటారుపాలెంలో ఉప్పు తప్ప ఇంకేమీ పండదు. ఆఖరికి వంకాయలు కూడా బండి మీద రావలసిందే.

మణిమేడను ఏలే రాజు చిత్రకేతు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ముత్యాల పల్లకీ ఉంది. వాటన్నిటికంటే ముద్దైనది కాలిబంతి జట్టు. దేశంలో ఏ మూల ఏ కుర్రాడు బంతిని చక్కగా తన్నినా సరే, వాడు రాజుగారి జట్టులో ఉండి తీరాలి. రాజుల ముచ్చట్లు అలాగే ఉంటాయి మరి.

ఆటలో ఆడేది పదకొండు మంది. రాజుగారి జట్టులో ఉన్నది నూట పదకొండు మంది. మిగిలిన నూరు మంది ఏం చేస్తారంటారా? నీడపట్టున బల్లల మీద వరసగా కూర్చుంటారు. వేళకు నేతి అన్నం తింటారు. ఎవరైనా అలిసిపోతే తమకు చోటు దొరుకుతుందేమో అని ఎదురుచూస్తారు. అలా చూస్తూనే పెద్దవాళ్ళయిపోతారు.

కొటారుపాలెంలో సింగన్న అని ఒక ఉప్పు పనివాడు ఉండేవాడు. పొద్దంతా మడుల్లో ఉప్పు లాగేవాడు. ఎండ చల్లబడ్డాక, ఉప్పు ఎత్తేసిన మడిలో ఊరి పిల్లలకు ఆట నేర్పేవాడు. కొబ్బరిపీచు కూరి, పాత గోనె చుట్టి, బంతి కూడా తానే కుట్టేవాడు. ఉప్పుమడి నేల పలకలా గట్టిగా ఉంటుంది, పైపైన జారుతుంది. అక్కడ నిలబడటం నేర్చుకున్న కాలు లోకంలో ఎక్కడైనా నిలబడుతుంది. అందుకే రాజుగారి కన్ను ఎప్పుడూ ఆ ఊరి మీదే.

కుర్రాళ్ళను ఏరుకెళ్ళే కొలువు విరూపాక్షుడిది. ఆయన గుర్రబ్బండిలో వచ్చేవాడు, గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఆట చూసేవాడు, ఒకణ్ణి వేలితో చూపించేవాడు. బదులుగా గురువుకు పట్టుశాలువా కప్పి, చేతిలో కొబ్బరికాయ పెట్టేవాడు. కొబ్బరికాయ పచ్చడైపోయేది. శాలువా ఉప్పుగాలికి చివికిపోయేది. కుర్రాడు మాత్రం తిరిగి వచ్చేవాడు కాదు.

మొదట నూకరాజు వెళ్ళాడు. గాలిని కూడా వెనక్కి నెట్టి పరిగెత్తగల కుర్రాడు. అప్పటికి వాడికి పద్నాలుగేళ్ళు. అమ్మవారి పండక్కి వస్తానన్నాడు. ఆరు పండగలు వెళ్ళిపోయాయి.

తరవాత దానయ్య వెళ్ళాడు. ఆటలో వాడు వాకిలి కాస్తే బంతి కాదు కదా, ఈగ కూడా దూరేది కాదు. వాడి అదృష్టం బాగుంది, పదకొండు మందిలో చోటు దొరికింది. ఊరికి రావడానికే తీరిక లేదు.

ఉప్పు కోసం నగరం నుంచి బండి వచ్చినప్పుడల్లా సింగన్న ఎదురెళ్ళేవాడు. "మా నూకరాజు ఆడతన్నాడా బాబూ?" అని అడిగేవాడు.

"బల్ల మీద ఉన్నాడు తాతా," అనేవాడు బండివాడు. ఏటేటా అదే మాట.

సింగన్నకు ఒక్కటే కోరిక. తాను నేర్పిన పిల్లాడు ఒక్కడైనా, మీసాలు వచ్చేదాకా ఈ మడిలో ఆడితే కళ్ళారా చూడాలి. మొలక వేసేది తాను, కాయ తినేది నగరం. పూత ఎలా ఉంటుందో కూడా తనకు తెలియదు. ఇంట్లో భార్యతో ఈ మాటే అని అని, చివరికి ఆమెకు విసుగొచ్చి, "మీసాలే కావాలంటే అద్దంలో సూసుకో!" అంది.

అలాంటప్పుడు ఎల్లాజీ వచ్చాడు. ఉప్పు తట్టలు మోసే కొండమ్మ కొడుకు. బంతి వాడి కాలి చుట్టూ పెంపుడు కుక్కపిల్లలా తిరిగేది. వాణ్ణి చూసిన రోజున సింగన్నకు సంతోషం, భయం రెండూ ఒక్కసారే పుట్టాయి.

ఊరిపెద్ద బుచ్చన్న ఆ భయం కనిపెట్టాడు.

"ఏటి గురువా, ఈణ్ణి కూడా శాలువాకి ఇచ్చేస్తావేటి?"

"నానేటి సేసేది బుచ్చన్నా? అడిగేవోడు రాజు."

"రాజుకి కుంటిగుర్రం అక్కర్నేదు, కుంటికుర్రాడూ అక్కర్నేదు. ఆళ్ళొచ్చినప్పుడు ఈణ్ణి కుంటమను. అంతే!"

తప్పు అనాల్సిన సింగన్న నోరు విప్పలేదు. ఆశ అలాంటిది, అది పెద్దవాళ్ళ నోళ్ళు కూడా కట్టేస్తుంది. ఎల్లాజీ ఒకసారి గురువు ముఖంలోకి చూశాడు, తలూపాడు. వాడికి ఏం కావాలో ఎవరూ అడగలేదు.

విరూపాక్షుడు మొదటిసారి వచ్చాడు. ఎల్లాజీ ఎడమకాలు ఈడుస్తూ మడిలోకి దిగాడు. బంతి అందలేదు. "అయ్యో, ఇంత చురుకైన కళ్ళున్న కుర్రాడికి కాలు ఇలాగా!" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ రోజు ఊరంతా పరవాన్నం వండుకున్నారు.

అయితే ఉప్పుబళ్ళు రోజూ వస్తాయి కదా. బండివాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. కుర్రాడు చక్కగా పరిగెత్తుతున్నాడని ఏ ఒక్కడు చూసినా, నాలుగో రోజుకల్లా మణిమేడకు తెలిసిపోతుంది. అందుకని బళ్ళు ఊళ్ళో ఉన్నంతసేపూ ఎల్లాజీ కుంటవలసి వచ్చింది. పొద్దున కుంటాడు, మధ్యాహ్నం కుంటాడు, అమ్మకు తట్ట ఎత్తేటప్పుడూ కుంటాడు.

విరూపాక్షుడు రెండోసారి వచ్చాడు. ఎల్లాజీ ఇంకా బాగా కుంటాడు. ఆయన జాలిపడి, బండిలోంచి ఒక నూనెకుండ తీసి సింగన్న చేతికిచ్చాడు. "రాజవైద్యుడి తైలం. రోజూ మర్దనా చెయ్యి. మళ్ళీ వచ్చి చూస్తాను," అన్నాడు.

శాలువా ఎప్పుడూ అంత బరువనిపించలేదు, ఆ నూనెకుండ అనిపించింది. సింగన్న దాన్ని అటక మీద పెట్టి, అటు చూడటం మానేశాడు.

ఒకనాడు వాన మబ్బు పట్టి బళ్ళు రాలేదు. పరాయివాళ్ళు ఒక్కరూ లేరు. సింగన్నకు ప్రాణం లేచొచ్చింది. పిల్లల్ని మడిలోకి పిలిచాడు. ఎల్లాజీ బంతి తీసుకుని బయలుదేరాడు. నాలుగడుగులు వేశాడు, ఎడమకాలు ఈడ్చుకుపోయింది, బంతి పక్కకు దొర్లింది.

"ఎవులూ నేరురా. ఇంక కుంటకు," అన్నాడు సింగన్న నవ్వుతూ.

"నాను కుంటడం నేదు గురువా," అన్నాడు ఎల్లాజీ.

ఇద్దరూ ఆ కాలు వైపు చూశారు. ఏడు నెలలు అబద్ధం ఆడిన కాలు నిజం మరిచిపోయింది. ఎల్లాజీ గట్టు మీద కూర్చుని మోకాళ్ళలో ముఖం దాచుకున్నాడు. కుర్రాణ్ణి ఉంచుకుని ఆటను పోగొట్టానే అని సింగన్న గుండె మండిపోయింది. ఆ రోజే అటక మీది నూనె దించాడు. కానీ కాలికి పట్టిన అలవాటు నూనెకు లొంగుతుందా?

మూడోసారి విరూపాక్షుడు ఒక్కడే రాలేదు. సముద్రస్నానం పేరు పెట్టుకుని రాజుగారే వచ్చారు. వెంట పల్లకీల్లో దానయ్యతో సహా పదకొండు మంది ఆటగాళ్ళు, వెనక ఎడ్లబళ్ళ మీద బల్లల మీది నూరు మంది.

"కాలు కుంటిదని రెండుసార్లు చూసి కూడా మా విరూపాక్షుడు మరచిపోలేని కుర్రాడు ఎవడు? ఆడించు," అన్నారు రాజుగారు.

ఎల్లాజీ దిగాడు. ఈసారి నిజంగా ఆడదామనుకున్నాడు. పళ్ళ బిగువున పరిగెత్తాడు. కాలు ఈడ్చుకుపోయింది. మడి మధ్యలో బోర్లా పడ్డాడు.

రాజుగారు నిట్టూర్చారు. "పాపం! వీడు మాకు పనికిరాడు. మీ ఊళ్ళోనే ఉంచుకోండి."

బుచ్చన్న కళ్ళు మెరిశాయి. కొడుకు ఊళ్ళోనే ఉంటాడని కొండమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సింగన్న కోరిక తీరిపోయింది! ఇక ఈ కుర్రాణ్ణి ఎవరూ తీసుకుపోరు. మీసాలే కాదు, గడ్డాలు నెరిసేదాకా ఇక్కడే ఉంటాడు. చెయ్యవలసింది ఒక్కటే, నోరు మూసుకుని ఊరుకోవడం.

ఎల్లాజీ లేచి, ఒళ్ళంతా ఉప్పుతో, రాజుగారి ఆటగాళ్ళ కాళ్ళ వైపు చూస్తున్నాడు. ఆ చూపు సింగన్న కంటపడింది. ఇంక ఊరుకోలేకపోయాడు.

"మారాజా, తప్పు ఆడిది కాదు, నాది. ఆడి కాలికి ఏ రోగమూ నేదు. మీరు అట్టుకెళ్ళిపోతారని నానే కుంటనిచ్చాను. కుంటి కుంటి కాలు అదే నేర్సుకుంది."

ఊరు ఊరంతా బిక్కచచ్చిపోయింది. రాజుగారి ముఖం ఎర్రబడింది.

"రాజును మోసం చేస్తే శిక్ష ఏమిటో తెలుసా?"

"శిచ్చ పడిపోనాది బాబయ్యా. ఆ కాలు సూడండి," అన్నాడు సింగన్న. "పేనం తీసినా సరే, ముందు ఒక్క మనవి. ఆ ఎనక బండిలో మా నూకరాజు ఉన్నాడు. ఒక్కపాలి ఆణ్ణి బంతి తన్నమనండి."

రాజుగారికి ఆ పేరే గుర్తు లేదు. విరూపాక్షుడు చెవిలో చెప్పాడు. పిలుపు వెళ్ళింది. బండిలోంచి ఒక నిండు మనిషి దిగాడు. బొజ్జ ముందుకు వచ్చింది. ముక్కు కింద ఒత్తుగా నల్లటి మీసం.

ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్న మీసం అది. సింగన్న కళ్ళార్పకుండా చూశాడు.

నూకరాజు గురువు కాళ్ళకు మొక్కి మడిలోకి దిగాడు. బంతి కోసం కాలు విసిరాడు. పుట్టిపెరిగిన ఉప్పునేల మీద, చిన్నపిల్లలు గంతులేసే చోట, వెల్లకిలా పడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

"ఆరేళ్ళు కూకున్నాను గురువా," అన్నాడు నూకరాజు పడినచోటు నుంచే. "ఒక్క ఆటా ఆడనేదు."

సింగన్న రాజుగారి వైపు తిరిగాడు. "ఎండలో దాసి నానో కాలు పాడుసేశాను. నీడలో కూకోబెట్టి తమరో కాలు పాడుసేశారు. నాది ఆశ, తమరిది ముచ్చట. కాళ్ళకి మట్టుకు రెండూ ఒకటే బాబయ్యా."

రాజుగారు బళ్ళ మీది నూరు మందినీ ఒక్కొక్కరినే చూశారు. సగం మంది పేర్లు ఆయనకు తెలియవు. తరవాత ఎల్లాజీని దగ్గరికి పిలిచారు.

"నీకేం కావాలి నాయనా?"

వాణ్ణి ఆ మాట అడిగినవాళ్ళలో ఆయనే మొదటివారు.

"ఆడాల బాబయ్యా. ఎక్కడ ఆడనిస్తే అక్కడ ఆడతాను."

రాజుగారు తల దించుకున్నారు. ఆనాడే ఆజ్ఞ ఇచ్చారు. తాను ఆడించలేని వాళ్ళంతా తమ తమ ఊళ్ళకు వెళ్ళి ఆడుకోవచ్చు. ఇక మీదట ఆడే చోటు ఖాళీ ఉంటేనే కుర్రాణ్ణి పిలవాలి, అదీ కుర్రాడు సరేనంటేనే. సింగన్నను మాత్రం శిక్షించలేదు. శిక్షించాలంటే ఆ వరసలో తానూ నిలబడాలని ఆయనకు తెలుసు.

నూకరాజు ఊళ్ళోనే ఉండిపోయాడు. రోజూ సాయంత్రం సింగన్న ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, నాలుగేళ్ళ పిల్లలకు నేర్పినట్టు మొదటి అడుగు నుంచి మళ్ళీ నేర్పాడు. నూకరాజు బొజ్జ కరిగింది. ఎల్లాజీ కాలు నెమ్మదిగా నిజం గుర్తు తెచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి బంతి మళ్ళీ వాడి వెంట పడింది.

అప్పుడు విరూపాక్షుడు వచ్చాడు. "పదకొండు మందిలో ఒక చోటు ఖాళీ అయింది. వస్తావా?" అని అడిగాడు.

సింగన్న వెళ్ళమన్నాడు, ఎల్లాజీ సరేనని బయలుదేరాడు. వాడి పైపెదవి మీద అప్పుడప్పుడే నూగు మొదలైంది.

సింగన్న శాలువా వద్దన్నాడు. "ఆణ్ణి బల్ల మీద కూకోబెడితే కబురెట్టండి. నానే బండి కట్టుకుని వచ్చి తెచ్చుకుంటాను," అన్నాడు. బండి వెనకే ఊరి పొలిమేర దాకా నడిచాడు. ఎల్లాజీ వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. దుమ్ము కూడా అణిగిపోయాక సింగన్న అక్కడే నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నూకరాజు పక్కకొచ్చాడు. "ఏడుస్తన్నావేటి గురువా? నువ్వే కదా ఎల్లమన్నావు!"

"ఎల్లమన్నాను. ఏడుస్తాను కూడాను. ఏడిస్తే తప్పు నేదురా, దాస్తేనే తప్పు."

కళ్ళు తుడుచుకుని ఆయన మడి వైపు నడిచాడు. అక్కడ పిల్లలు వచ్చి నిలబడి ఉన్నారు.

కనుక పిల్లలూ, ప్రేమకొద్దీ దాచిపెట్టినా, గొప్పకొద్దీ పోగేసుకున్నా, ఆడనివ్వని విద్య పాడైపోతుంది. విద్య ఉన్నవాణ్ణి నిజంగా కోరుకునేవాడు వాడికి ఆడే చోటు చూపిస్తాడు.