గోరంత సున్నం

ఒకానొక రాజ్యంలో మనుషులకే కాదు, మాటలకు కూడా హోదాలుండేవి. ఆ రాజ్యం పేరు పెన్నగిరి. ఏలే రాజు మేదినీపాలుడు. మనసు చెడ్డది కాదు గాని, తన రాజముద్ర అంటే ఆయనకు వల్లమాలిన మోజు. ముద్ర పడ్డ మాటను వెనక్కి తీసుకోవడం, కిరీటం తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడం ఆయన దృష్టిలో ఒకటే.

ఆయన ఆస్థానంలో మార్కండేయ భట్టు అనే పండితుడుండేవాడు. పన్నెండేళ్లు కదలకుండా కూర్చుని ఒక నిఘంటువు రాశాడు. దేని మీదనుకున్నారు? ఆపడం మీద. అడ్డుకోవడం, అడ్డగించడం, నిలపడం, నిలువరించడం, వారించడం, అరికట్టడం, కట్టడి చేయడం, నిరోధించడం, ఇలా అరవై నాలుగు మాటలు ఏరి కూర్చాడు. మీకూ నాకూ ఇవన్నీ ఇంచుమించు ఒకటే. భట్టుకు మాత్రం ఒక్కోదానికి ఒక్కో అంతస్తు. ఎవరిని ఆపాలంటే ఏ మాట వాడాలో పట్టిక కట్టాడు. 'ఆగు' అన్నది అన్నిటికంటే అడుగున, ఎద్దులకూ గాడిదలకూ. వర్తకులనైతే 'నిలువుడు' అనాలి. పండితులనైతే చేతులు జోడించి 'తమరు దయతో విరమింప ప్రార్థన' అనాలి. ఇక సాక్షాత్తూ రాజుగారినే ఆపవలసి వస్తే మూడు నమస్కారాలు చేసి, బిరుదులన్నీ వరసగా చదివి, ఆ తర్వాతే అసలు మాట పలకాలి.

రాజు మురిసిపోయాడు. పట్టికను శాసనం చేసి ముద్ర గుద్దాడు. తప్పినవాడి కొలువు పోతుంది, మూడు రోజుల్లో కుటుంబంతో సహా కోట ఖాళీ చేయాలి.

శాసనం వచ్చిన నాలుగో రోజున ఒక దొంగ అంగడివీధిలో ఇత్తడి బిందె ఎత్తుకుని పరుగు తీశాడు. వాణ్ణి వర్తకుల్లో కలపాలా, పశువుల్లో కలపాలా అని ఇద్దరు తలారులు వాదించుకుంటుండగానే వాడు పొలిమేర దాటాడు. ఊరంతా నవ్వుకుంది. ఐదో రోజు జరిగినదానికి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

కోట పెద్దవాకిలి దగ్గర కోనప్ప అనే ముసలి కావలివాడు ఉండేవాడు. ఆ రోజు భట్టు తన నిఘంటువు తాళపత్రాలు చూసుకుంటూ, తలవంచుకుని వాకిట్లోకి వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే, బురుజు మరమ్మతు కోసం రాళ్లు నింపి ఎద్దులు విప్పి ఉంచిన బండి ఒకటి వాలులో దొర్లుకుంటూ వచ్చేస్తోంది. కోనప్ప చూశాడు. "ఆగు!" అని అరిచాడు. భట్టు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేశాడు. బండి ఆయన ఉత్తరీయం అంచు చించుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది.

దండం పెట్టవలసిన మనిషి తిన్నగా కొలువుకు పోయి ఫిర్యాదు చేశాడు. తన ప్రాణం దక్కడం దైవనిర్ణయమట, తనను ఎద్దుల్లో జమకట్టడం కోనప్ప నిర్ణయమట. పండితులకు ఇలాంటి వాదాలు ఎక్కడ దొరుకుతాయో నాకైతే తెలియదు. రాజుకు ముసలివాడి మీద జాలి కలగకపోలేదు. కాని ముద్ర లక్క ఆరకముందే మొదటి తప్పును క్షమిస్తే ఇక ఆ ముద్రను ఎవరు లెక్కచేస్తారు? మూడు రోజుల గడువు చెప్పి తీర్పు ముగించాడు.

వాకిలిని ఆనుకుని ఉన్న రెండు గదుల ఇంట్లోనే కోనప్ప ముప్పై ఏళ్లు బతికాడు. పురిటికి వచ్చిన కూతురు లోపల నెలలు నిండి ఉంది. ఆ పిల్లను ఏ బండెక్కించి ఏ ఊరు తీసుకుపోవాలో అతనికి తోచలేదు. చేసేది లేక మూటలు కట్టడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి తిప్పసానికి తెలిసింది. తిప్పసాని అంటే రాజు పక్కన అడపం పట్టుకుని నిలబడే మనిషి. తమలపాకులు, వక్కలు, సున్నం ఉండే ఆ సంచి రాజు తండ్రి కాలం నుంచీ ఆమె చేతిలోనే ఉంది. రోజూ తెల్లవారి ఆమె వాకిలి దాటేటప్పుడు కోనప్ప, "ఆగు తల్లీ, ఆ మెట్టు నాచు పట్టింది," అని చెయ్యి అందించేవాడు. ముప్పై ఏళ్లలో ఆమె ఒక్కనాడూ జారిపడలేదు. అలాంటి మనిషికి ఇదా బహుమానం అనుకుంది. రాజుతో వాదించి లాభం లేదని ఆమెకు తెలుసు. అందుకని నోటితో ఏమీ అనకుండా, చేతికి వచ్చిన పనే చేసింది.

మూడో రోజు నిండు కొలువులో భట్టుకు సన్మానం. శాలువా కప్పడం అయింది. తిప్పసాని వెండి పళ్లెంలో రెండు తమలపాకు చిలకలు చుట్టి తెచ్చింది, ఒకటి రాజుకు, ఒకటి భట్టుకు. రాజు తన చిలకను వేళ్లతో అందుకున్నాడు. వెంటనే తిప్పసాని పళ్లెం భట్టు ముందు పెట్టి, వంగి ఒక నమస్కారం చేసింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. అప్పుడు రాగం తీస్తూ, "సకల భూమండల రక్షాదక్ష, శత్రురాజ గర్వాపహార..." అని మొదలుపెట్టింది.

తన బిరుదులు వినడం రాజుకు ఎప్పుడూ ఇష్టమే. వింటూ, తల పంకిస్తూ, చిలకను నోట్లో వేసుకుని తృప్తిగా నమిలాడు.

మరుక్షణం ఆయన కళ్ల నీళ్లు తిరిగాయి. నాలుక చుర్రుమంది. సున్నం ఎక్కువైంది. మింగలేడు, నిండు కొలువులో ఉమ్మలేడు. అంతలో, శాలువా సర్దుకోవడం ముగించిన భట్టు రెండో చిలకను నోటిదాకా తేవడం ఆయన కంటబడింది.

"ఆగు!" అని రాజు పెట్టిన కేకకు పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి.

భట్టు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

తిప్పసాని తొణక్కుండా ఒక చేత్తో ఉమ్మడానికి తమ్మపడిగ పట్టి, ఇంకో చేత్తో అడపంలోంచి వెన్నముద్ద తీసి ఇచ్చింది. నోరు చల్లబడ్డాక రాజు కోపంతో ఊగిపోయాడు. సున్నం ఎక్కువైందని తెలిసీ ఆపకుండా ఆ స్తోత్రం ఏమిటని నిలదీశాడు.

"అది స్తోత్రం కాదు ప్రభూ, ఆపడమే," అంది తిప్పసాని. "శాసనం ప్రకారం బిరుదులన్నీ అయ్యాకే అసలు మాట. ఇరవై ఒక్క బిరుదుల్లో నేనింకా మూడో దాంట్లోనే ఉన్నాను. ఏలినవారు నమిలేశారు."

కొలువులో కొందరు తలలు దించుకున్నారు. వాళ్ల భుజాలు మాత్రం కదులుతున్నాయి. రాజు ఏదో అనబోయాడు. తిప్పసాని అందుకుంది.

"మన్నించండి. ఇందాక భట్టుగారిని ఆపడానికి ప్రభువులు ఏ మాట వాడారు?"

రాజు భట్టు వైపు చూశాడు. భట్టు తన పట్టిక వైపు చూశాడు.

"అది ఎద్దుల మాట కదా ప్రభూ. మరి మూడు రోజుల్లో తమరూ కోట ఖాళీ చేయాలి. కోనప్ప ఇవాళే బయలుదేరుతున్నాడు, దారికి తోడుగా ఉంటాడు."

తల పోతే పోతుందని తెలిసే తిప్పసాని ఆ మాట అంది.

ముందు మాట్లాడింది భట్టు. చేతిలోని చిలకను విప్పి, లోపలి తెల్లటి సున్నాన్ని చాలాసేపు చూశాడు. "ఆ రోజు కోనప్ప నాకు తగిన మాటతోనే పిలిచి ఉంటే, 'తమరు దయతో' అనేసరికే నా మీద చక్రం ఎక్కేది," అన్నాడు మెల్లగా. "నేనెంత మూర్ఖుణ్ణి ప్రభూ." పన్నెండేళ్లు పాటుపడి కట్టిన పట్టికను రాజు పాదాల దగ్గర పెట్టాడు. అతని కళ్లు చెమర్చాయి. నిజం చెప్పొద్దూ, అప్పుడు అతనంటే నాకూ జాలేసింది.

రాజుకు నోరు మండుతూనే ఉంది. అయినా నవ్వొచ్చింది. దవడ పట్టుకుని పగలబడి నవ్వాడు. వెన్న ముందే తెచ్చి పెట్టుకున్నావు కదూ అని తిప్పసానిని అడిగాడు. గోరంత సున్నమే ఎక్కువ వేశానని, అది ఉలిక్కిపడేంతే గాని పొక్కేంత కాదని ఆమె ఒప్పుకుంది. రాజు శాసనం తెప్పించి, దాని మీది ముద్ర లక్కను తానే స్వయంగా చెక్కేశాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. తీర్పు రద్దయిన సంగతి కోనప్పకు రాజే తన నోటితో చెప్పాలని ఆమె కోరింది.

రాజు కాలినడకన బయలుదేరాడు. వాకిలి దగ్గర కోనప్ప ఆఖరి మూటకు ముడి వేస్తున్నాడు. తలెత్తి చూసేసరికి రాజు వడివడిగా మెట్లు దిగుతున్నాడు.

"ఆగు!" అన్నాడు కోనప్ప. అన్నాక, ఎవరిని అన్నాడో తెలిసి, చేతిలోని మూట జారవిడిచాడు.

రాజు ఒంటికాలి మీద నిలబడిపోయాడు. కింద మెట్టు నిండా పచ్చటి నాచు ఉంది.

"ఆగాను కోనప్పా," అన్నాడు రాజు నవ్వుతూ. "వచ్చి చెయ్యి అందుకో."

ఆ సాయంత్రమే కోనప్ప ఇంట మనవరాలు పుట్టింది. రాజు తన చేతి కడియం ఆ పిల్ల ఉయ్యాలలో వేయించాడు. తిప్పసానికి బంగారు సున్నపుకాయ బహుమానం వచ్చింది. దానితోపాటు, కొలతకోసమని, ఒక బుల్లి చెంచా కూడా రాజు గుర్తుపెట్టుకుని మరీ చేయించాడు.